రెండో సంతకం

డోలోరెస్ కాఫీ దుకాణంలో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఐలీ కాంగస్ దాని వెనక నిలబడింది గానీ కూర్చోలేదు. ఊరి ఐస్ హాకీ జట్టు పైలట్స్ పుట్టిన ఏడాది నుంచి పద్దెనిమిదేళ్లపాటు ప్రతి శనివారం ఆమె భర్త టౌనో ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నాలుగేళ్ల కిందట, ఒక జనవరి శనివారం, ఉన్నట్టుండి రావడం మానేశాడు. మొన్న నవంబరులో చనిపోయాడు.

బల్ల చుట్టూ ముగ్గురున్నారు. ముగ్గురూ ఒకప్పుడు టౌనోతో పాటు కాగితం మిల్లులో పనిచేసినవాళ్లే. కోటు విప్పకుండా కూర్చున్న బక్కమనిషి జినో పెత్రిల్లి. రేడియోకి చెవి ఆనించి ఉన్నది లైల్ మక్‌ఫెయిల్. గోడకి ఆనుకుని, వీపుతో సగం గోడని కప్పేస్తూ కూర్చున్నవాడు ఓరెస్ట్ హలాస్, పైలట్స్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. టౌనోకి నలభై ఏళ్ల స్నేహితుడు కూడా.

"కూర్చో టీచరమ్మా," అన్నాడు జినో. "మీ ఆయనలాగా మా కెప్టెన్ని తగిలేద్దామంటే మాత్రం బయట మంచులో కూర్చోవాలి."

"నేను ట్రేడ్ల గురించి రాలేదు," అంది ఐలీ. "ఓరెస్ట్‌తో పనుంది."

"ఇవాళ వచ్చి ట్రేడ్ల గురించి రాలేదంటే ఎలా? మూడింటికి గడువు ముగుస్తుంది. ఆ తర్వాత ఒక్క ఆటగాణ్ని కూడా వేరే జట్టుతో మార్చుకోవడానికి లేదు. ఇంకో రెండు గంటలు ఊళ్లో ఎవడికీ వేరే పని ఉండదు."

ఓరెస్ట్ తల వంచుకున్నాడు. కప్పులో చక్కెర వేసి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు కలిపాడు.

"గోడ మీద టౌనో కాగితం ఉంది," అంది ఐలీ. "అది నాకు కావాలి."

ఆమె అంతకుమించి చెప్పలేదు. టౌనో రాతకోతలు పెట్టుకునే మనిషి కాదు. అతను పోయాక ఇల్లంతా వెతికితే దొరికినవి గరాజులో మేకుల సీసాల మీద అంటించిన చీటీలు మాత్రమే. రెండంగుళాలు, ఒకటిన్నర అంగుళం, తుప్పు పట్టినవి. ముప్ఫయ్యొక్క ఏళ్లు పిల్లల చేతిరాతలు దిద్దిన మనిషికి, మొగుడి చేతిరాత ఒక్క పేజీ కూడా మిగల్లేదు. ఈ గోడ మీద మాత్రం ఒక పేజీ నిండా ఉందని ఆమెకి తెలుసు.

"గోడ సంగతి నీకు తెలీదా ఐలీ?" అన్నాడు ఓరెస్ట్, తలెత్తకుండా. "టౌనో చెప్పే ఉంటాడు. కెప్టెన్ స్టెఫానిక్ ఈ జట్టులో ఉన్నంతకాలం ఆ కాగితం దిగదు."

టౌనో చెప్పాడు. ఈ బల్ల దగ్గర ఎవరికి ఏ ట్రేడ్ తోచినా నోటిమాట చెల్లదు. డోలోరెస్ ప్లేట్ల కింద పరిచే కాగితాన్ని తిరగేసి, తెల్లగా ఉన్న వైపు ఎవరిని పంపాలో, బదులుగా ఎవరిని తేవాలో, ఎందుకో రాయాలి. కింద సంతకం చెయ్యాలి. దాన్ని ఒప్పుకునేవాడు ఒకడు రెండో సంతకం చెయ్యాలి. రెండో సంతకం లేని కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, ఉన్నది గోడ ఎక్కుతుంది. పంపాలన్న ఆటగాడు నిజంగా జట్టు వదిలిన రోజున కాగితాన్ని దించి, సంతకాలతో సహా గట్టిగా చదివి, రాసినవాడి చేతికిచ్చేస్తారు. రాసినవాడు ఎంత తెలివైనవాడో ఎంత మూర్ఖుడో ఆ రోజు తేలుతుంది. గోడకి పెద్ద ఓరెస్ట్. స్టాప్లర్ అతని కోటు జేబులోనే ఉంటుంది. ఎవరో కాగితాలు చింపుతున్నారని మూడేళ్ల కిందట డోలోరెస్ గోడ మొత్తానికి పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగించి మరలు కొట్టించింది.

టౌనో కాగితం పలక వెనక, ఓరెస్ట్ ఎడమ భుజం పైన ఉంది. ఐలీ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. నిటారుగా, ఒక్కో అక్షరం విడివిడిగా ఉన్న రాత. "కోరీ స్టెఫానిక్‌ని డులూత్ జట్టుకి పంపాలి. గోల్ కాచే వాళ్ల కుర్ర గోలీ నూర్మిని తేవాలి." దాని కింద ఇంకో ఏడెనిమిది వరుసలు. అడుగుభాగం కనిపించడం లేదు. సంతకాలు ఉండాల్సిన చోట, అభిమానుల సంఘం వేసిన ఆ ఏటి ఆటల పట్టిక ఒకటి అడ్డంగా కొట్టి ఉంది.

"రాసినవాడే లేడు," అంది ఐలీ. "నియమం ఎవరికోసం?"

"గోడ కోసం," అన్నాడు లైల్. "అదేంటి టీచరుగారూ, క్లాసులో ఒక్కడి కోసం రూలు మార్చేవారా మీరు? మా వాణ్ని రెండు నిమిషాలు ఆలస్యమైందని గుమ్మంలో నిలబెట్టారు. ఇప్పటికీ చెప్తుంటాడు."

"అయిదు నిమిషాలు," అంది ఐలీ. కుర్చీ లాక్కుని కూర్చుంది.

డోలోరెస్ అడక్కుండానే కాఫీ, గులాబీ రంగు పూత పూసిన పర్షియన్ బన్ను తెచ్చి పెట్టింది. ఐలీ కాఫీ ఒక గుక్క తాగింది. నల్లగా, చిక్కగా ఉంది. ఆమె కప్పు కింద పెట్టి దానివంక చూసింది. ఎందుకు మానేశావని నాలుగేళ్ల కిందట అడిగినప్పుడు టౌనో అన్నది ఒకటే మాట: అక్కడ కాఫీ పల్చబడింది. ఆ తర్వాత శనివారాలు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, రేవు దగ్గర ట్రక్కు ఆపుకుని, గడ్డకట్టిన సరస్సుని చూస్తూ కూర్చునేవాడు. ఆమె మళ్లీ అడగలేదు.

"సరే, అసలు విషయానికి వద్దాం," అన్నాడు ఓరెస్ట్, గొంతు సవరించుకుని. "స్టెఫానిక్‌ని పంపాల్సిందే."

జినో చేతిలో చెంచా బల్ల మీద పడింది.

"ఏమన్నావ్?"

"విన్నావుగా. ముప్ఫై నాలుగేళ్లు. మోకాలు పోయింది. వెనక్కి తిరిగేలోపు అవతలి కుర్రాడు మన గోలీ ముందుంటున్నాడు. మొన్న మూడు గోల్సూ అతని వైపునుంచే. పడమటి జట్లకి అనుభవం ఉన్న డిఫెన్స్‌వాడు కావాలి. ఇప్పుడిస్తే గోల్స్ కొట్టే కుర్ర సెంటర్ ఆటగాడైనా వస్తాడు. వచ్చే ఏడాదికి ఊరికే ఇస్తామన్నా ఎవడూ తీసుకోడు."

"పదమూడేళ్లు ఈ ఊరికోసం పళ్లు రాలగొట్టుకున్నాడురా వాడు," అన్నాడు జినో. "ఇక్కడ పుట్టినవాడు. మిగతావాళ్లందరూ ఈ ఊరి పేరు చెప్తే చలి అంటారు, దోమలంటారు, విమానం లేదంటారు. ఎవడూ రాడు. ఉన్నవాడొక్కడు. వాణ్ని గెంటేస్తావా? నీ సంఘం చేపల విందుకి ప్రతి ఏడూ వచ్చి, నీ పక్కన నిలబడి ఫొటో దిగలేదూ?"

"ఫొటోలు ఆట గెలిపించవు."

"అప్పుడు టౌనో ఇదే అంటే నువ్వేమన్నావు? ద్రోహి అన్నావు. ఈ బల్ల మీద చెయ్యేసి కొట్టి అన్నావు. నేనున్నా ఇక్కడ."

"అప్పుడతనికి ముప్ఫై. మంచి ఊపు మీదున్నాడు. అప్పుడు పంపడం పిచ్చి."

"అప్పుడు పంపితే నూర్మి వచ్చేవాడు," అంది ఐలీ.

ముగ్గురూ ఆమె వంక చూశారు. ఆమె మెల్లగా, పిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఆ ఏడాది ఫైనల్ ఆఖరి ఆటలో మనం అయిదు గోల్స్ కొట్టాం. ఆరు ఇచ్చాం. ఇప్పుడు లీగ్‌లో అందరికన్నా మంచి గోలీ ఎవరు? నూర్మి. టౌనో కాగితంలో రాసింది తప్పని మీలో ఎవరైనా ఇప్పుడు చెప్పగలరా?"

"ఆహా," అన్నాడు లైల్, రేడియో శబ్దం తగ్గించి. "సమర్థించకుండా ఎలా ఉంటారులే. రెండో సంతకం మీదేగా."

ఐలీకి అర్థం కాలేదు. "ఎక్కడ?"

"టౌనో కాగితం మీద. మాకెవరికీ తెలీదనుకున్నారా? ఈ బల్ల దగ్గర అలాంటిదానికి సంతకం పెట్టే మగాడెవడూ దొరక్క, ఇంటికి తీసుకెళ్లి పెళ్లాం చేత పెట్టించుకొచ్చాడు. ఊరంతా నవ్వింది."

"నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు."

"పోన్లే, ఇన్నేళ్లయింది. ఒప్పుకుంటే పోయేదేముంది?"

"పెట్టలేదు లైల్."

"అయితే ఆయనే పెట్టి ఉంటాడు, మీ పేరు," అన్నాడు లైల్, భుజాలెగరేసి.

ఓరెస్ట్ కిటికీలోంచి రోడ్డు వంక చూస్తున్నాడు. ఐలీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాళ్ల అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు, మార్కుల కాగితం మీద తల్లి సంతకం కావాలని, ఆలస్యమవుతోందని ఏడుస్తూ టౌనో దగ్గరికి వెళ్లింది. నువ్వే అమ్మ పేరు పెట్టెయ్యి నాన్నా అంది. టౌనో పెన్ను తీసుకోలేదు. స్కూలు మీటింగు అయ్యి ఐలీ ఇంటికి వచ్చేదాకా, రెండు గంటలు, కాగితం బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. అలాంటి మనిషి ఒక ఆట కోసం, నలుగురి ముందు గెలవడం కోసం, ఆమె పేరు దొంగగా రాశాడా? రాసి, ఆ సిగ్గుతోనే ఇక్కడికి రావడం మానేశాడా?

రాత కోసం వచ్చింది ఆమె. ఇప్పుడు ఆ ఆటల పట్టిక కింద ఏముందో చూడకుండా లేచి వెళ్లడం సాధ్యం కాదు. అడగడానికి మనిషి లేడు.

"ఆ పట్టిక ఒక్కటి తీసి చూపించు ఓరెస్ట్," అంది.

"పలక విప్పాలి. ఆ మూల మూడేళ్లుగా విప్పలేదు. ఇవాళ కొత్తగా విప్పేది లేదు."

"అది ఆ చోటే ఎందుకు కొట్టావు?"

"చోటు లేక."

ఆమె గోడ వంక చూసింది. ఆ ఏడాది పట్టికకి కుడిపక్కన రెండు జానల ఖాళీ ఉంది.

ఓరెస్ట్ కళ్లద్దాలు పెట్టుకుని, ఒక కాగితం తిరగేసి గబగబా రాశాడు. స్టెఫానిక్‌ని ఏ జట్టుకి పంపాలో, ఎవరిని అడగాలో రాసి, సంతకం చేసి బల్ల మధ్యలోకి తోశాడు. "రెండో సంతకం ఎవరు?"

జినో చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. "నా శవం మీద పెట్టుకో."

"లైల్?"

"మా కోడలు స్టెఫానిక్ చెల్లెలు. నాకు ఇంట్లో అన్నం పెట్టరు."

"టీచరమ్మని అడుగు," అన్నాడు జినో, కసిగా. "అలవాటేగా."

ఓరెస్ట్ ఆ మాటకి నవ్వలేదు. కాగితం తన వైపు లాక్కుని, కళ్లద్దాలు జేబులో వేసుకున్నాడు.

ఐలీకి స్టెఫానిక్ తొమ్మిదేళ్లవాడిగా గుర్తున్నాడు. తెల్లవారుజామున ప్రాక్టీసు చేసి వచ్చి, మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాడు. ఆమె లేపేది కాదు. ఇప్పుడు ఆ కుర్రవాణ్ని ఎవరైనా ఎక్కడికైనా పంపెయ్యాలని ఆమె కోరుకుంటోంది. మూడింటిలోపే పంపెయ్యాలి. గడియారంలో రెండుంబావు. తన మీద తనకే రోత కలిగింది, కానీ కోరిక పోలేదు.

"ఆ రోజు నాకింకా గుర్తుంది," అన్నాడు జినో, ఎవరితోనూ కాదన్నట్టు. "నేనొచ్చేసరికి కాగితం రాసి ఉంది. మా చేతికివ్వకుండా టౌనోనే చదివాడు. మేం అరిచాం. రెండో సంతకం ఎవడిదిరా అని నేనే అడిగా. 'పెట్టినవాళ్లే చెప్తారు' అన్నాడు. అని కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు. లేచి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అంత పెడసరం."

"నువ్వు వచ్చేసరికి ఇక్కడ ఎవరెవరున్నారు?" అని అడిగింది ఐలీ.

జినో నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే లైల్ చెయ్యెత్తాడు. "ఆగండి, ఆగండి." రేడియో శబ్దం పెంచాడు.

వార్త రెండు వాక్యాలే. పైలట్స్ కెప్టెన్ కోరీ స్టెఫానిక్‌ని పడమటి తీరపు జట్టుకి ఇచ్చేశారు. బదులుగా ఒక ఆటగాడు వస్తాడు, అతని పేరు తర్వాత చెబుతారు.

కౌంటరు దగ్గర నిలబడ్డ లారీ డ్రైవరు బూతు మాట ఒకటి అని, చేతిలోని బన్ను తినకుండా పళ్లెంలో పడేశాడు.

"పేరు తర్వాత చెబుతారా?" అన్నాడు జినో. "పదమూడేళ్లకి? పేరు కూడా లేనివాడికా?" ఓరెస్ట్ వైపు తిరిగాడు. "సంతోషమేనా? నీ నోటి చలవ."

"నేనా పంపింది?"

"నీలాంటివాళ్లు రోజూ రేడియోకి ఫోన్లు చేసి అరిస్తేనే పంపారు. పైకి కెప్టెన్ కెప్టెన్ అంటూ చేపలు తినిపిస్తావు, చాటుగా ఇది. ఇక నీ సంఘం బస్సు నేనెక్కను. నా పేరు కొట్టెయ్."

"కొట్టేస్తా. నువ్వు లేకపోతే బస్సులో ఉల్లిపాయల కంపు తగ్గుతుంది."

"కాగితం," అంది ఐలీ.

మళ్లీ ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడి ఉంది.

"స్టెఫానిక్ వెళ్లిపోయాడు. ఇక గోడ నియమం ప్రకారమే దించాలి."

ఓరెస్ట్ కుర్చీ కదల్లేదు. "ఇప్పుడా? చూడు ఐలీ, అందరి మనసూ బాగాలేదు. రేపు నేనే దించి, శుభ్రం చేసి, మీ ఇంటికి తెచ్చిస్తాను. నా మాట నమ్ము."

"ఇప్పుడే."

"ఎందుకంత పంతం? కాగితమే కదా."

"కాగితమే. అందుకే రేపటిదాకా ఆగక్కర్లేదు." ఆమె కౌంటరు వైపు చూసింది. "డోలోరెస్, స్క్రూడ్రైవర్ ఉందా?"

డోలోరెస్ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఓరెస్ట్ చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు, గోడ నాది."

"గోడ నాది," అంది డోలోరెస్. "నీది స్టాప్లర్. లే, అడ్డు లే."

అతను లేచాడు. లేచి ఎటూ వెళ్లలేదు, పక్కనే నిలబడ్డాడు. డోలోరెస్ ఆ మూల మరలు మూడు తీసి పలకని ముందుకి వంచింది. ఐలీ చెయ్యి లోపలికి పోనిచ్చి, ముందు ఆటల పట్టికని పట్టుకుని లాగింది. నాలుగు పిన్నులు సరిపోయేచోట పది కొట్టి ఉన్నాయి. అది చిరుగుతూ ఊడివచ్చింది. తర్వాత టౌనో కాగితాన్ని, గోటితో ఒక్కో పిన్నూ విప్పి, అంచు చిరక్కుండా తీసింది.

పట్టిక కప్పిన భాగం మిగతా కాగితం కన్నా తెల్లగా ఉంది. అక్కడ రెండు సంతకాలున్నాయి. ఆమె రెండూ చూసింది. ఒకదానికి అక్షరాలు నిటారుగా, విడివిడిగా ఉన్నాయి. రెండోది కుడివైపుకి వాలిన రాత, చివర పెద్ద సున్న చుట్టినట్టు గీత. ఆ గీత ఆమెకి తెలుసు. ఏటా క్రిస్మస్ కార్డుల మీద వచ్చేది. అభిమానుల సంఘం ప్రతి నోటీసు కిందా ఉంటుంది. ఆమె చేతిలో ఉన్న చిరిగిన పట్టిక కింద కూడా అచ్చయి ఉంది.

ఐలీ పట్టికనీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. టౌనో ఆమె పేరు రాయలేదు. ముందు మనసుకి ఎక్కింది అదొక్కటే. దాని వెనక మిగతాది వచ్చింది. ఇద్దరూ పొద్దున్నే, వేరే ఎవరూ రాకముందు, ఈ బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. టౌనో రాసి ఉంటాడు, ఈ మనిషి ఒప్పుకుని సంతకం చేసి ఉంటాడు. ఆ తర్వాత మిగతావాళ్లు వచ్చి అరిచి ఉంటారు. టౌనో కూర్చుని ఎదురుచూశాడు.

"చదవండి మరి," అన్నాడు లైల్. "చదవాలి. పద్ధతి."

ఆమె చదవలేదు. కాగితాన్ని బల్ల మీద పరిచి, చేత్తో సాపు చేసి, ఓరెస్ట్ ముందుకి తిప్పింది.

"నువ్వు చదువు."

"నా కళ్లద్దాలు ట్రక్కులో..."

"జేబులో ఉన్నాయి. ఇందాక పెట్టుకుని రాశావు."

ఓరెస్ట్ కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చదవడం మొదలుపెట్టాడు. స్టెఫానిక్ మంచివాడు, అయినా జట్టుకి గోలీ లేడు అని టౌనో రాశాడు. గోలీ లేకపోతే వసంతంలో, ఫైనల్ ఆటల్లో, ఏడుస్తాం అని రాశాడు. మంచివాడికి మంచి ధర వచ్చేది ఇప్పుడే అని రాశాడు. ఓరెస్ట్ గొంతు పొడిగా, ఒకే ఎత్తులో సాగింది. "సంతకం, టౌనో కాంగస్," అన్నాడు. అక్కడ ఆగాడు.

"రెండోది?" అన్నాడు జినో.

ఓరెస్ట్ కాగితం మీదికి వంగే ఉన్నాడు. ఐలీ తొందరపెట్టలేదు. తరగతిలో పాఠం మధ్యలో ఆగిపోయిన పిల్లవాడి పక్కన ఆమె అలాగే నిలబడేది. పక్కపిల్లలు అందించబోతే వేలెత్తి ఆపేది. ఇప్పుడూ లైల్ మెడ చాచి తొంగిచూడబోతే వేలెత్తింది. లైల్ వెనక్కి తగ్గాడు.

"ఓరెస్ట్ హలాస్," అన్నాడు ఓరెస్ట్.

జినో లేచాడు. తన కప్పు తీసుకుని వెళ్లి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. లైల్ కిందికి చూస్తూ అడిగాడు, "టీచరుగారు పెట్టారని నువ్వే కదా నాకు చెప్పింది. ఆ రాత్రే, ఆట జరిగే రింకు దగ్గర."

"అప్పటికి నెల్లో సంఘం ఎన్నికలున్నాయి," అన్నాడు ఓరెస్ట్. "మీరంతా అలా మీద పడేసరికి... మర్నాడు చెప్దామనుకున్నా. తర్వాత వారం అనుకున్నా. వాడు మళ్లీ రాలేదు."

డోలోరెస్ బన్నుల అట్టపెట్టె మూత ఒకటి చించి తెచ్చింది. ఐలీ కాగితాన్ని మడత పెట్టకుండా దాని మీద ఉంచింది. చిరిగిన ఆటల పట్టికని ఓరెస్ట్ కప్పు పక్కన పెట్టి, కోటు బొత్తాలు పెట్టుకుంది.

"ఐలీ," అన్నాడు ఓరెస్ట్. "వాడు నీకు చెప్పలేదా? ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా?"

"లేదు," అంది ఐలీ. "కాఫీ పల్చబడిందన్నాడు."